గోదావరిఖనిలో సుషీ: ఇంట్లో ఎట్ల చేసుకోవాలి, రెస్టారెంట్‌లో ఎట్ల తినాలి, ఏది అస్సలు ముట్టొద్దు

ఈ ఎపిసోడ్‌లో సుషీ గురించి మాట్లాడుకుందాం. అవును, జపాన్ వాళ్ళ సుషీనే. మీరు రీల్స్‌లో రోజూ చూస్తారు కదా, నల్లటి ఆకు లాంటిదాంట్లో తెల్లన్నం చుట్టి, మధ్యలో ఏదో రంగుది పెట్టి, ముక్కలు కోసి ప్లేట్‌లో వరుసగా పేరుస్తారు. అదే.

"బొగ్గు బాయిల ఊర్లో సుషీ ఏంది" అని నవ్వకండి. మన ఖని పిల్లలు, రామగుండం ఎన్టీపీసీ టౌన్‌షిప్ పిల్లలు, ఎయిటింక్లైన్ కాలనీ పిల్లలు చదువుకీ ఉద్యోగానికీ హైదరాబాద్ పోతున్నారు. ఆఫీస్ టీమ్ లంచ్ అని ఒకరోజు ఎక్కడికో తీస్కపోతారు. మెనూలో సగం పేర్లు అర్థం కావు. పక్కోడు ఏం ఆర్డర్ ఇస్తే మనమూ అదే అంటాం. ఇంకోవైపు, వీడియో చూసి ఇంట్లోనే ట్రై చేద్దామని ఆదివారం మార్కెట్ నుంచి పచ్చి చేప తెచ్చుకునేవాళ్ళూ ఉంటారు. మొదటిదాంట్లో పోయేది కొంచెం పరువు, కొంచెం పైసలు. రెండోదాంట్లో పోయేది ఆరోగ్యం. అందుకే ఈ ఎపిసోడ్. చివరిదాకా చదవండి, ముఖ్యంగా పచ్చి చేప గురించి చెప్పే భాగం మాత్రం వదిలేయొద్దు.

సుషీ అంటే పచ్చి చేప కాదు

మొట్టమొదట ఇది క్లియర్ చేసుకుందాం. సుషీ అంటే పచ్చి చేప అని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ మాటకి మూలంలో ఉన్న అర్థం "పుల్లనిది". వెనిగర్, చక్కెర, ఉప్పు కలిపిన అన్నం ఉంటేనే అది సుషీ. చేప ఉండొచ్చు, ఉండకపోవచ్చు. కీరదోసకాయ పెట్టినా సుషీనే, ఆమ్లెట్ పెట్టినా సుషీనే. అన్నం లేకుండా ఉత్త పచ్చి చేప ముక్కలు ప్లేట్‌లో పెడితే దాని పేరు సషిమి. అది వేరే.

పుల్లన్నం అనగానే మీకేం గుర్తొస్తుంది? పులిహోర. ఇంకొంచెం వెనక్కి పోతే సద్దుల బతుకమ్మ. ఆ రోజు మన ఇండ్లల్లో చింతపండు సద్ది, నిమ్మకాయ సద్ది, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది చేస్తారు కదా. అన్నానికి పులుపు పట్టిస్తే రుచి వస్తది, మూట కట్టుకుని పోవడానికీ పనికొస్తది. జపాన్ వాళ్ళు పట్టుకున్నదీ ఇదే కిటుకు. వాళ్ళు వెనిగర్ వాడిండ్రు, మనం చింతపండు వాడినం. కాబట్టి సుషీ మనకి మరీ పరాయిదేం కాదు, ఆ పులుపు నాలుక్కి తెలిసిందే.

ఇది ఎక్కడ మొదలైంది

కథ షార్ట్‌గా చెప్తా. పాతకాలంలో ఫ్రిజ్‌లు లేవు. చేపని నిల్వ పెట్టాలంటే ఉప్పు పట్టించి, వండిన అన్నంలో పెట్టి నెలల తరబడి పులియబెట్టేవాళ్ళు. అన్నం పులిసి ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం చేపని కుళ్ళనీయదు. తినేటప్పుడు అన్నం పారేసి చేప మాత్రమే తినేవాళ్ళు. ఈ పద్ధతి ఆగ్నేయాసియా వరి పండించే ప్రాంతాల్లో పుట్టి జపాన్ దాకా పోయిందని చెప్తారు. జపాన్‌లో బివా సరస్సు దగ్గర ఇప్పటికీ ఫునాజుషి అని ఇలాంటిది చేస్తారు. వాసన మామూలుగా ఉండదట.

తర్వాత అన్నం పారేసుడు ఎందుకు అనుకున్నరు. అంతసేపు పులియబెట్టే ఓపిక కూడా తగ్గింది. నేరుగా వెనిగర్ కలిపేస్తే పని అయిపోతుంది కదా! 1820ల్లో ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, హనాయా యోహే అనే ఆయన చేత్తో ఒత్తిన అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి అమ్మేవాడు. ఇప్పుడు మనం చూసే నిగిరి సుషీకి పేరు తెచ్చింది ఆయనే అంటారు. అప్పుడది స్టార్ హోటల్ తిండి కాదు, రోడ్డు పక్క బండి మీద నిలబడి తినే తిండి. మన చౌరస్తా దగ్గర మిర్చి బజ్జీ తిన్నట్టే. ఆ రోజుల్లో చేపని కూడా ఉడికించో, వెనిగర్‌లోనో సోయా సాస్‌లోనో నానబెట్టో పెట్టేవాళ్ళు.

ఇంకో ముచ్చట, ఇది మన బెల్టు వాళ్ళకి బాగా నచ్చుద్ది. 1958లో ఒసాకా దగ్గర షిరాయిషి యోషియాకి అనే హోటల్ ఓనర్ ఉండేవాడు. కస్టమర్లు ఎక్కువ, పనివాళ్ళు తక్కువ. ఒకరోజు బీరు ఫ్యాక్టరీలో కన్వేయర్ బెల్టు మీద సీసాలు పోతుంటే చూసిండు. బెల్టు మీద సీసాలు పోతే సుషీ ప్లేట్లు ఎందుకు పోవు అనుకున్నడు! అట్ల పుట్టింది బెల్టు సుషీ. ప్లేట్లు మన ముందు నుంచి పోతుంటే నచ్చింది తీసుకుని తినొచ్చు, చివర్లో ఖాళీ ప్లేట్లు లెక్కపెట్టి బిల్లు వేస్తారు. ప్లేట్ రంగుని బట్టి రేటు. బెల్టు స్పీడు సెకనుకి 8 సెంటీమీటర్లు అయితే కరెక్ట్ అని ఆయన తేల్చిండు. మరీ స్పీడైతే అన్నం ఆరిపోతది, కస్టమర్ తీసుకోలేడు. మరీ స్లో అయితే కస్టమర్‌కి విసుగు. మనకి బెల్టు అంటే బొగ్గు, వాళ్ళకి బెల్టు అంటే భోజనం. ఖరీదైన సుషీ మామూలు జీతం మీద బతికేవాళ్ళకి అందింది ఈ బెల్టు వల్లే.

ఇంట్లో చేద్దాం: ముందు బియ్యం

సుషీలో అసలు పనంతా అన్నంలోనే ఉంది. జపాన్‌లో వాడేది పొట్టి గింజ, వండితే జిగురుగా ఉంటుంది. బియ్యంలో అమైలోజ్ అనే పిండి పదార్థం ఎంత తక్కువుంటే అన్నం అంత అతుక్కుంటుంది. జపాన్ రకాల్లో అది తక్కువ. మన సన్నబియ్యంలో ఎక్కువ, అందుకే మన అన్నం పొడిపొడిగా వస్తుంది. పొడిగా వస్తేనే మనకి ఇష్టం కూడా.

మరి ఏం చేయాలి? ఆన్‌లైన్‌లో సుషీ రైస్ దొరుకుతుంది, కానీ రేటు ఎక్కువ. దానికి మన దగ్గరే ఒక ఉపాయం ఉంది: కొత్త బియ్యం. కోత అయిపోయి మిల్లు పట్టించిన కొత్త బియ్యం వండితే "ముద్ద ముద్ద అయితుంది" అని ఇంట్లో అమ్మ తిడుతది కదా? సుషీకి కావాల్సింది ఆ ముద్దే! పెద్దపల్లి, సుల్తానాబాద్ చుట్టూ వరి పొలాలు, రైస్ మిల్లులు ఉన్నాయి కాబట్టి కొత్త బియ్యం దొరకడం మనకి కష్టం కాదు. జపాన్ బియ్యం అంత పర్ఫెక్ట్‌గా రాదు, కానీ రోల్ మాత్రం నిలబడుతుంది. బాస్మతి వద్దు, ఉప్పుడు బియ్యం వద్దు. ఆ రెండూ ఎంత వండినా అతుక్కోవు.

కొలతలు రాసుకోండి. 200 మిల్లీలీటర్ల గ్లాసుతో 2 గ్లాసుల కొత్త బియ్యం. నీళ్ళు తేటగా వచ్చేదాకా నాలుగైదు సార్లు కడగండి. అర్ధగంట నానబెట్టి వార్చేయండి. గ్లాసుకి గ్లాసున్నర నీళ్ళు పోసి వండండి. అదే జపాన్ బియ్యం అయితే గ్లాసుకి గ్లాసుంపావు కంటే తక్కువే చాలు. ఉడికాక మూత తీయకుండా పది నిమిషాలు అట్లనే వదిలేయండి.

ఈలోపు పులుపు రెడీ చేసుకోవాలి. 4 పెద్ద చెంచాల వెనిగర్, 2 పెద్ద చెంచాల చక్కెర, 1 చిన్న చెంచా ఉప్పు. కొంచెం వేడి చేసి కరిగేదాకా తిప్పండి, మరగనీయొద్దు. రైస్ వెనిగర్ అయితే బెస్ట్. అది లేకపోతే కిరాణా షాపుల్లో దొరికే తెల్ల వెనిగర్ చాలు. దాని ఘాటు ఎక్కువ, ఇంకో అర చెంచా చక్కెర వేస్తే సరిపోతుంది.

ఇప్పుడు అన్నాన్ని వెడల్పాటి స్టీలు తాంబాళంలోకి తీసి, వేడి మీదనే ఆ నీళ్ళు చల్లుతూ చెక్క గంటెతో కోసినట్టు కలపండి. పిసకొద్దు, పిసికితే జావ అవుతుంది. ఇంకొకరు పక్కన నిలబడి విసనకర్రతో విసరాలి. లేదంటే చాట తీసుకుని విసరండి, అదీ కాకపోతే ఫ్యాన్ కింద పెట్టండి. పైనున్న తడి ఆవిరైపోయి మెతుకు మీద మెరుపు వస్తుంది. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉండాలి. ఆరిపోకుండా తడి బట్ట కప్పండి. అల్యూమినియం గిన్నె మాత్రం వాడొద్దు, పులుపుకి అది పడదు.

నోరి, లోపల పెట్టే సరుకు

ఆ నల్ల ఆకు పేరు నోరి. సముద్రపు నాచుని కాగితం లాగా ఆరబెట్టి చేస్తారు. ఒక షీటు దాదాపు 19 సెంటీమీటర్లు బై 21 సెంటీమీటర్లు ఉంటుంది. ఖనిలో షాపుల్లో వెతుక్కుంటూ తిరగకండి, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టుకోవడం ఈజీ. ప్యాకెట్ తెరిస్తే వెంటనే జిప్ కవర్‌లో వేసి గాలి తీసేయండి. వానాకాలంలో పది నిమిషాలు బయట వదిలితే అప్పడం మెత్తబడ్డట్టు మెత్తబడుతుంది. మెత్తబడితే పెనం మీద సన్న మంటపై అప్పడం కాల్చినట్టు ఒక్కసారి అటూఇటూ తిప్పండి.

ఈ నోరి వెనక ఒక గొప్ప కథ ఉంది. 1940ల చివర్లో జపాన్‌లో నోరి పంట దెబ్బతిని రైతులు చాలా ఇబ్బంది పడ్డరు. అసలు ఆ నాచు జీవితచక్రం ఏమిటో వాళ్ళకి తెలియదు, ఎండాకాలంలో ఎక్కడ మాయమవుతుందో అర్థం కాదు. ఇంగ్లండ్‌లో కాథ్లీన్ డ్రూ బేకర్ అనే శాస్త్రవేత్త 1949లో దాన్ని బయటపెట్టింది: ఆ నాచు జీవితంలో ఒక దశ సముద్రపు గుల్లల్లో దాక్కుని గడుస్తుంది. ఆ ఒక్క విషయం తెలియడంతో నోరిని పంటలాగా పండించడం సాధ్యమైంది. ఆమె ఎప్పుడూ జపాన్ పోలేదు. కానీ అక్కడి రైతులు ఆమెని సముద్ర మాత అని పిలిచి, 1963లో స్మారకం కట్టి, ఇప్పటికీ ప్రతి ఏడాదీ ఏప్రిల్ 14న తలుచుకుంటారు.

సరే, లోపల ఏం పెట్టాలి? మన ఊళ్ళో దొరికేవాటితోనే చెప్తా. కీరదోస గింజలు తీసేసి పొడుగ్గా కోసింది. సన్నగా తరిగి ఒక నిమిషం ఉడికించిన క్యారెట్. కొంచెం చక్కెర, సోయా సాస్ వేసి మందంగా వేసిన ఆమ్లెట్. వేయించిన పనీర్. పండీ పండని మామిడి. బాగా ఉడికించిన రొయ్యలు. ముళ్ళు తీసేసిన కొర్రమీను వేపుడు. చికెన్ వేపుడు పెట్టినా ఎవరూ ఏమనరు.

ఇంకోటి వింటే ఆశ్చర్యపోతారు. సొరకాయ! మనం ఆనిగెపుకాయ అంటాం కదా, అదే. ఆ జాతి కాయనే జపాన్‌లో రిబ్బన్ లాగా తీసి, ఎండబెట్టి, సోయా సాస్, చక్కెరలో ఉడికించి సుషీలో పెడతారు. దాని పేరు కాంప్యో. టోచిగి అనే ప్రాంతం దానికి ఫేమస్. సుషీ షాపుల్లో ఎన్నో తరాల నుంచి ఉన్న రోల్ అది. కాబట్టి ఎవరైనా మీ సొరకాయ సుషీని చూసి "ఇది డూప్లికేట్" అంటే, ఈ మాట చెప్పండి.

చుట్టుడు, కోసుడు

వెదురు చాప ఉంటే మంచిది. లేకపోతే మందపాటి నాప్కిన్ మీద ప్లాస్టిక్ కవర్ పరిచినా నడుస్తుంది. నోరికి ఒక వైపు నున్నగా, ఒక వైపు గరుకుగా ఉంటుంది. గరుకు వైపు పైకి పెట్టండి, అన్నం దాని మీద పట్టుకుంటుంది. చేతులకి వెనిగర్ కలిపిన నీళ్ళు తడుపుకుని, అన్నాన్ని పల్చగా పరచండి. కింద నోరి అక్కడక్కడా కనిపించేంత పల్చగా. అవతలి చివర 2 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. ఇవతలి వైపు మూడో వంతు దగ్గర సరుకు పెట్టి, చాపతో సహా ఎత్తి, వేళ్ళతో సరుకుని లోపలికి నొక్కుతూ ఒక్క ఊపులో చుట్టండి. ఖాళీ వదిలిన అంచుకి కొంచెం తడి అంటిస్తే అతుక్కుంటుంది.

మొదటిసారి చేసేవాళ్ళు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే: ఆశకొద్దీ నాలుగు రకాల సరుకు కుక్కేస్తారు, రోల్ పగులుతుంది. రెండు రకాలు చాలు. ఇక కత్తి. పదునుగా ఉండాలి, ప్రతి కోతకీ తడి బట్టతో తుడవాలి. రోల్‌ని ముందు రెండు ముక్కలు, వాటిని పక్కపక్కన పెట్టి ఇంకో మూడు నాలుగు ముక్కలు. చెప్పిన కొలతకి దాదాపు 5 రోల్స్, 30 నుంచి 40 ముక్కలు వస్తాయి. నలుగురికి సరిపోతుంది.

చుట్టడం రాకపోతే బాధ లేదు. పుల్లన్నం గిన్నెలో వేసి, పైన ఆమ్లెట్, కీర, క్యారెట్, రొయ్యలు పేర్చండి. నోరి తుంచి చల్లండి. జపాన్ ఇండ్లల్లో పండుగలకి ఇట్లనే చేస్తారు, దాని పేరు చిరాషి సుషీ. ఇది ఫెయిలయ్యే ఛాన్స్ తక్కువ.

ఇప్పుడు సీరియస్ విషయం: పచ్చి చేప

ఇక్కడ జర ఆగి చదవండి. గోదావరి చేప, ఎల్లంపల్లి రిజర్వాయర్ చేప, చెరువు చేప ఏదైనా సరే పచ్చిగా తినొద్దు. రవ్వ, బొచ్చె, కొర్రమీను ఏదీ వద్దు. ఇప్పుడే వల నుంచి తీసినా, కళ్ళ ముందు ఎగురుతున్నా వద్దు. ఎందుకో చెప్తా.

"ఫ్రెష్ అయితే సేఫ్" అనేది చేపల విషయంలో సగం నిజమే. ఫ్రెష్‌గా ఉంటే కుళ్ళలేదని మాత్రమే అర్థం. లోపల పరాన్నజీవులు, అంటే పురుగులు లేవని అర్థం కాదు. మంచినీటి చేపల్లో మనిషి ఒంట్లోకి దూరే పురుగులు ఉండొచ్చు. థాయ్‌లాండ్ ఈశాన్య ప్రాంతంలో పచ్చి మంచినీటి చేపని నిమ్మరసం, కారం కలిపి తినే అలవాటు ఉంది. దాని వల్ల అక్కడ ఒపిస్తార్కిస్ అనే కాలేయపు పురుగు జనంలో పాకింది, పిత్తనాళ క్యాన్సర్ కేసులు పెరిగాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆ పురుగుని క్యాన్సర్ కలిగించేవాటి మొదటి జాబితాలో పెట్టింది. ఇంకోటి గ్నాథోస్టోమా. మన కొర్రమీను జాతి చేపల్లోనే అది థాయ్‌లాండ్‌లో దొరికింది. మనిషి ఒంట్లోకి పోతే చర్మం కింద పాకుతూ తిరుగుతుంది, కంటికీ మెదడుకీ కూడా పోగలదు.

"నిమ్మకాయ పిండితే చస్తాయి కదా, వెనిగర్‌లో వేస్తే చస్తాయి కదా, పక్కన పెగ్గు వేస్తే చస్తాయి కదా" అంటారు. చావవు. నిమ్మరసం చేప రంగుని తెల్లగా మారుస్తుంది, ఉడికినట్టు కనిపిస్తుంది, అంతే. పురుగు చచ్చేది రెండిటితోనే: బాగా ఉడికించడం, లేదా బాగా గడ్డకట్టించడం. అమెరికా ఆహార భద్రత నియమం ప్రకారం పచ్చిగా తినే చేపని మైనస్ 20 డిగ్రీలు లేదా అంతకన్నా చల్లగా 7 రోజులు ఉంచాలి, లేదా మైనస్ 35 డిగ్రీల్లో గడ్డకట్టించి 15 గంటలు అదే చలిలో ఉంచాలి. మన ఇంట్లో ఫ్రీజర్ బాగా పనిచేస్తేనే మైనస్ 18 దగ్గర ఉంటుంది. రోజుకి ఇరవై సార్లు తెరుస్తాం, కరెంటు పోతుంది. కాబట్టి ఇంటి ఫ్రీజర్‌ని నమ్ముకోవద్దు. పైగా గడ్డకట్టిస్తే పురుగులు చస్తాయి కానీ బ్యాక్టీరియా చావదు.

నమ్మకం కలగడానికి ఒక్క మాట. పచ్చి చేప తినడంలో పేరుపొందిన జపాన్ వాళ్ళే ఒకప్పుడు తమ సముద్రంలో దొరికే సాల్మన్‌ని పచ్చిగా తినేవాళ్ళు కాదు. దాంట్లో పురుగులుంటాయని వాళ్ళకి తెలుసు, ఉప్పు పట్టించో కాల్చో తినేవాళ్ళు. 1980ల్లో నార్వే దేశం, నియంత్రణలో మేత వేసి పెంచిన సాల్మన్‌ని జపాన్‌లో ప్రచారం చేసి అమ్మడం మొదలుపెట్టింది. సాల్మన్ సుషీ అలవాటైంది ఆ తర్వాతే. మార్కెట్‌లో ఇండియన్ సాల్మన్ అని అమ్మే రావస్ వేరే చేప, పేరు చూసి మోసపోవద్దు. బాసా ఫిల్లెట్లు మంచినీటి చేపవి, అవీ పచ్చిగా వద్దు.

గర్భిణులు, చిన్నపిల్లలు, పెద్ద వయసువాళ్ళు, లివర్ జబ్బు లేదా షుగర్ ఉన్నవాళ్ళు హోటల్‌లో కూడా పచ్చిది తినకపోవడమే మంచిది. ఉడికించినవి హాయిగా తినొచ్చు.

అన్నంతో కూడా జాగ్రత్త

ఇది చాలామంది చెప్పరు. వండిన అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా బతికే ఉంటాయి. అన్నం బయట వెచ్చగా ఉంటే మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వాంతులు, విరేచనాలు. వెనిగర్ ఆ బ్యాక్టీరియాని అడ్డుకుంటుంది, హోటళ్ళు పులుపు కొలిచి మరీ చూసుకుంటాయి. మన దగ్గర కొలిచే మిషన్ లేదు. అందుకని రూల్ సింపుల్: ఇంట్లో చేసింది 2 గంటల్లో తినేయాలి. రామగుండం ఎండలు మీకు నేను చెప్పాలా? ఏప్రిల్, మే నెలల్లో అయితే ఒక్క గంట. ఫ్రిజ్‌లో పెడితే మెతుకు గట్టిపడి రుచి పోతది, కాబట్టి తినేంతే చేయండి.

ఇంకో మాట. నాన్న ఫస్ట్ షిఫ్ట్‌కి పోతుంటే ముచ్చటగా డబ్బాలో సుషీ పెట్టి పంపకండి. పొద్దున 7కి పోయి మధ్యాహ్నం 3 దాకా షిఫ్ట్. బాయి లోపల వేడి, ఉక్క. ఆ డబ్బా ఎప్పుడు తెరుస్తారో తెలియదు. డబ్బాకి అమ్మ రోజూ పెట్టేదే పెట్టండి. సుషీ ఆయన ఇంటికొచ్చి స్నానం చేశాక, అందరూ కూర్చుని తినేది.

రెస్టారెంట్‌కి పోతే

హైదరాబాద్‌లో సుషీ ఎక్కువగా పాన్ ఏషియన్ రెస్టారెంట్లలో, స్టార్ హోటళ్ళలో ఉంటుంది. గచ్చిబౌలి షెరటన్‌లో జెగా లాంటివి. ఒక ప్లేట్‌కి బిల్లు వందల్లో మొదలై పెద్ద హోటళ్ళలో వెయ్యి దాటుతుంది. కాబట్టి తెలిసి ఆర్డర్ ఇవ్వాలి. ఈ ఐదు పేర్లు గుర్తుపెట్టుకోండి.

మాకి అంటే నోరితో చుట్టి కోసిన రోల్. ఉరమాకి అంటే అన్నం బయట, నోరి లోపల ఉండే రోల్. కాలిఫోర్నియా రోల్ ఈ రకమే, అది అమెరికా ఖండంలో పుట్టింది. నిగిరి అంటే చేత్తో ఒత్తిన అన్నం మీద చేప ముక్క. తెమాకి అంటే ఐస్‌క్రీమ్ కోన్ లాగా చుట్టింది. సషిమి అంటే అన్నం లేని పచ్చి చేప. మొదటిసారి పోయినోళ్ళు టెంపురా రొయ్యల రోల్‌తోనో, అవకాడో రోల్‌తోనో మొదలుపెట్టండి. టెంపురా అంటే పిండిలో ముంచి నూనెలో వేయించింది, మన బజ్జీకి దగ్గరి చుట్టం.

వెజ్ తినేవాళ్ళు రెండు అడగాలి. సాస్‌లో, సూప్‌లో చేప పొడి ఉందా? పైన చల్లిన నారింజ రంగు గింజలు చేప గుడ్లా? అలాగే క్రాబ్ స్టిక్ అని ఉంటే అది సాధారణంగా పీత కాదు, చేప గుజ్జుని పీత రుచి వచ్చేలా చేసింది.

ప్లేట్‌లో ఒక పక్కన ఆకుపచ్చ ముద్ద ఉంటుంది. పుదీనా చట్నీ అనుకుని పెద్ద ముద్ద నోట్లో వేసుకోకండి! అది వసాబి. చాలాచోట్ల ఇచ్చేది అసలు వసాబి కాదు, గుర్రపుముల్లంగి, ఆవపిండి, రంగు కలిపింది. ఆవకాయలో ఆవ ఘాటు ముక్కులోకి కొట్టినట్టు ఇదీ కొడుతుంది. రెండిటిలో ఘాటుకి కారణమైన పదార్థం ఒకటే. గింజంత చాలు. గులాబీ రంగు ముక్కలు అల్లం. ముక్కకీ ముక్కకీ మధ్యలో నోరు శుభ్రం కావడానికి తినాలి, సుషీ మీద పెట్టుకోవడానికి కాదు.

సోయా సాస్‌లో ముంచితే నిగిరిని తిప్పి చేప వైపు ముంచండి. అన్నం వైపు ముంచితే పీల్చుకుని విడిపోతుంది, ఉప్పు ఎక్కువైపోతుంది. ఆ ఉప్పు తక్కువేం కాదు. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. రోజు మొత్తానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 2000. ఇంట్లో బీపీ ఉన్నవాళ్ళకి పెడితే సాస్ గిన్నె నింపకండి.

చాప్‌స్టిక్స్ రాకపోతే సిగ్గుపడకండి. నిగిరిని చేత్తో తినడం జపాన్‌లో కూడా మర్యాదే. మనకి చేత్తో తినడం ఎవరూ నేర్పక్కర్లేదు కదా. ఒక్క ముక్కని ఒకేసారి నోట్లో పెట్టుకోవాలి, కొరికి మిగిల్చొద్దు. చాప్‌స్టిక్స్‌ని అన్నంలో నిలువుగా గుచ్చొద్దు. చనిపోయినవాళ్ళకి పెట్టే అన్నంలో అట్ల గుచ్చుతారు వాళ్ళు. మన దగ్గర పిండం గుర్తొచ్చే పని భోజనాల దగ్గర చేస్తే ఎట్ల ఉంటదో, అట్లనే వాళ్ళకీ ఉంటది.

పచ్చి చేప ఆర్డర్ ఇచ్చే ముందు సర్వర్‌ని మర్యాదగా అడగండి: "అన్నా, ఈ చేప ఎక్కడిది? ఫ్రోజెన్‌లో వచ్చిందేనా? ఎప్పుడు వచ్చింది?" మంచి చోట ఇలాంటి ప్రశ్నకి విసుక్కోరు. ఫ్రోజెన్ అని చెప్తే తక్కువ రకం అనుకోకండి, పైన చెప్పినట్టు అదే సేఫ్. చేపల వాసన ఘాటుగా వచ్చినా, ముక్క జిగటగా ఉన్నా వదిలేయండి. పైసలు పోతే పోనీ. బిల్లు మీద 14 అంకెల ఫుడ్ సేఫ్టీ నంబర్ ఉందో లేదో చూడండి. సర్వీస్ ఛార్జ్ అని వేస్తే అది తప్పనిసరి కాదు, తీసేయమని అడగొచ్చు. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఈ మాట చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది.

చివరగా మూడు మాటలు

ఒకటి, సుషీ అంటే పుల్లన్నం, పచ్చి చేప కాదు. రెండు, ఇంట్లో చేస్తే లోపల పెట్టేది వండినదో, కూరగాయో అయి ఉండాలి. నది చేప, చెరువు చేప పచ్చిగా ఎప్పుడూ వద్దు, ఎవరు ఛాలెంజ్ చేసినా వద్దు. మూడు, రెస్టారెంట్‌లో తెలియనిది అడగడం తక్కువతనం కాదు. మన పైసలు, మన కడుపు.

ఈ ఆదివారం కొత్త బియ్యం, ఆనిగెపుకాయ, రెండు కోడిగుడ్లతో ఒకసారి ట్రై చేయండి. మొదటి రోల్ వంకరగా వస్తది. రెండోది కొంచెం నయం. మూడోది ఫొటో తీసుకునేలా వస్తది. ఆ పచ్చి చేప భాగాన్ని మాత్రం మీ హాస్టల్ గ్రూపులో, మీ కాలనీ గ్రూపులో షేర్ చేయండి, ఒక్కరు ఆగినా చాలు. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో ముచ్చటతో కలుద్దాం. అప్పటిదాకా ఉంటా మరి, నమస్తే.